కలెక్టర్స్ ఎడిషన్ అనిమే బాక్సు కొనేముందు, చేతికొచ్చాక ఏం చూడాలి

అనిమే అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, వాటి డిస్కులకి ఆర్ట్‌బుక్ లాంటి బొమ్మల పుస్తకాలు కలిపి ఇచ్చే కలెక్టర్స్ బాక్సుల గురించే ఇదంతా. కొత్త బాక్సు చేతికి రాగానే నేను చేసే మొదటి పని దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఓసారి అటూ ఇటూ వంచడం. ఊపడం కాదు, వంచడం అంతే. లోపల టక్ టక్‌మని ఏదో కదిలితే డిస్కు ఊడిపోయి ఎక్కడో తిరుగుతోందని అర్థం, చప్పుడు బరువుగా డబ్‌మంటే అది ఆర్ట్‌బుక్, దానికి కంగారు పడక్కర్లేదు, సన్నగా గలగలమంటే మాత్రం విరిగిన ప్లాస్టిక్ ముక్క, అన్నిటికన్నా చెడ్డది అదే, ఎందుకంటే ఆ ముక్క దారి పొడుగునా డిస్కు మీద గీతలు గీసుకుంటూ వచ్చుంటుంది. పైన కవర్ ఇంకా తీయకముందే సగం సంగతి ఈ చప్పుడుతో తెలిసిపోతుంది.

చాలామంది బాక్సు బాగుందో లేదో పైన మెరుపు చూసి చెప్పేస్తారు. బంగారు ఫాయిల్ ఉందా, బొమ్మ ఉబ్బెత్తుగా ఉందా, ఆర్ట్ కార్డులు ఎన్నిచ్చాడు, ఇలా. నా లెక్క వేరు. డిస్కు తీసి చూసి మళ్ళీ దాని చోట పెట్టడానికి చేతులు వణికితే అది ఎంత అందంగా ఉన్నా నా దృష్టిలో పైన పటారం లోన లొటారమే. బాక్సు కొన్నది సిరీస్ చూడ్డానికి కదా, ఇంకో పదేళ్ళ తర్వాత మళ్ళీ చూడాలనిపిస్తే అప్పుడు కూడా భయం లేకుండా తెరవగలగాలి. కింద రాసిందంతా ఆ ఒక్క కొలబద్దతోనే రాశా, మీకు షెల్ఫ్‌లో అందంగా కనపడితే చాలనుకుంటే కొన్ని విషయాల్లో నాతో ఒప్పుకోరు, పర్లేదు.

ముందు హబ్ సంగతి

డిస్కు మధ్యలో 15 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది కదా, దాన్ని పట్టుకునే గుండ్రటి ప్లాస్టిక్ పళ్ళనే హబ్ అంటారు. బాక్సు మొత్తంలో ఎవరూ ఫోటో తీయని భాగం ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. మంచి హబ్ అయితే నడిమధ్యన బొటనవేలితో నొక్కగానే పళ్ళు లోపలికి ముడుచుకుని డిస్కు టప్పున పైకి లేస్తుంది. చెడ్డవి రెండు రకాలు. వదులుగా ఉన్నది డిస్కుని దారిలోనే వదిలేస్తుంది. బిగుతుగా ఉన్నది అసలు వదలదు, మనం విసుగొచ్చి అంచు పట్టుకుని లాగుతాం, డిస్కు విల్లులా వంగుతుంది, మధ్య రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగులు పుడుతుంది. అది మొదట్లో కంటికి కూడా ఆనదు, ప్లేయర్లో వేగంగా తిరిగీ తిరిగీ మెల్లగా బయటికి పాకుతుంది.

నాకు ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. 8 డిస్కుల డిజిప్యాక్, అంటే మడతలు మడతలుగా విప్పుకునే అట్ట, ప్రతి మడత మీదా ప్లాస్టిక్ ట్రే అంటించి ఉంటుంది, అలాంటిది. నాలుగు డిస్కులు బాగానే వచ్చాయి, ఐదోది రాదు. నొక్కాను, రాలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను, ఈసారి డిస్కు రాలేదు గానీ కింద ఉన్న ట్రే మొత్తం అట్ట నుంచి పెచ్చులా ఊడొచ్చింది, వెనకాల జిగురు మరకతో సహా బొమ్మ పైపొర చిరిగింది. గుండె జారిపోయింది. తీరా డిస్కు లైటు కింద పెట్టి చూస్తే రంధ్రం అంచున అడ్డంగా రెండు సన్న గీతలు. బయటి పెట్టె మాత్రం అద్దంలా ఉంది, ఒక్క సొట్ట లేదు.

అందుకని ఇప్పుడు నేను డిస్కు తీసే పద్ధతి ఇది. ట్రే కింద ఎడమ అరచెయ్యి ఆనించి పెట్టాలి, గాల్లో పట్టుకుని నొక్కకూడదు, ఎందుకంటే మన బలమంతా ఆ జిగురు మీద పడుతుంది. కుడిచేతి బొటనవేలు హబ్ నడిమధ్యన, మిగతా రెండు వేళ్ళు డిస్కు అంచున, నొక్కుతూ ఉండగానే అంచుని ఊరికే ఆసరాగా పట్టుకోవాలి, లాగకూడదు. రాకపోతే డిస్కుని ఒక పావు చుట్టు తిప్పి మళ్ళీ నొక్కండి, పళ్ళు కొత్త చోట ఆని చాలాసార్లు వదిలేస్తాయి. అప్పటికీ రాకపోతే పళ్ళని ఒక్కొక్కటిగా మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ పుల్లతో లోపలికి వంచడమే, ఒక పన్ను విరిగినా పర్లేదు, డిస్కు విరగకూడదు. విరిగిన ముక్కని మాత్రం వెతికి బయట పారేయండి, లోపల ఉంచారా మొదట్లో చెప్పిన గలగల అదే.

ట్రేల్లో ఇంకో రకం ఉంది, ఒకే ట్రేలో రెండు డిస్కులు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కి కూర్చునేది. కింది డిస్కు కావాలంటే ముందు పైది తీయాలి, తీసింది ఎక్కడో పెట్టాలి, అక్కడే దుమ్మో వేలిముద్రో అంటుకుంటుంది. చోటు కలిసొస్తుందని చేస్తారు, నాకు ఇష్టం లేదు గానీ హబ్ మంచిదైతే పెద్ద ప్రమాదం ఏమీ లేదు.

ఇక అట్ట జేబులు. డిస్కుని పుస్తకం పేజీలాంటి అట్ట మధ్య దూర్చేసే రకం, చూడ్డానికి పాత ఆల్బమ్ లాగా భలే ఉంటుంది, తీసేటప్పుడు తల ప్రాణం తోకకొస్తుంది. జేబు బిగుతుగా ఉంటే వేళ్ళు లోపలికి దూర్చి పట్టి లాగాలి, లాగిన ప్రతిసారీ డిస్కు చదివే వైపు అట్ట మీద రాసుకుంటూ వస్తుంది. లోపల జిగురు ఎక్కువైతే అది డిస్కు మీదకి కూడా ఎక్కుతుంది. ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా చెప్పాలి, విసుగనుకోకండి. బ్లూరేలో డేటా పొర చదివే వైపు ఉపరితలానికి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6 మిల్లీమీటర్ లోతున, అంటే సరిగ్గా డిస్కు మందం మధ్యలో. ఇంత పైన ఉంది కాబట్టే బ్లూరేకి గట్టి పూత వేస్తారు, మామూలు రాపిడికి డీవీడీ కన్నా అదే బాగా తట్టుకుంటుంది, కానీ ఆ పూతని దాటిన గీత పడిందంటే మాత్రం కష్టం. అసలు పట్టించుకోవాల్సింది బోనస్‌గా ఇచ్చే సౌండ్‌ట్రాక్ సీడీని, దాని డేటా లేబుల్ ముద్ర కింద సన్నని లక్క పొర చాటునే ఉంటుంది, కాబట్టి సీడీకి బొమ్మ ఉన్న వైపు దెబ్బ తగిలితే ఇక పాటలు పోయినట్టే. వింతేంటంటే బ్లూరేలకి మంచి ట్రేలు ఇచ్చి ఆ సీడీని మాత్రం ఉత్త కాగితం కవర్లో పడేస్తారు.

అట్ట జేబుల సెట్ మీ దగ్గర ఉంటే నా సలహా ఒకటే, డిస్కులన్నీ మామూలు బ్లూరే కేసుల్లోకి మార్చేయండి, జేబులు ఖాళీగా బాక్సులో ఉండనివ్వండి. పలచని గుడ్డలాంటి లైనింగ్ ఉన్న కవర్లో పెట్టి జేబులో దూర్చుదాం అని కొంతమంది అంటారు, బిగుతు చోట ఒత్తిడి పడితే ఆ గుడ్డ అచ్చు డిస్కు మీద పడే అవకాశం ఉంది, బ్లూరేకి అది అస్సలు వద్దు.

అట్ట, ముద్రణ, పైపూత

బాక్సు గట్టిదా కాదా అన్నది ముందువైపు ఫోటోలో తెలీదు, తెరుచుకునే నోటి దగ్గర అంచు చూడాలి. అక్కడ అంచు మందం 2 మిల్లీమీటర్ల దాకా ఉండి దాని మీద ముద్రించిన కాగితం లోపలికి మడిచి అంటించి ఉంటే అది చిప్‌బోర్డు పెట్టె, దశాబ్దాలు నిలబడుతుంది. అంచు పలచగా, కోసిన చోట తెల్లగా కనపడుతూ ఉంటే అది మడత కాగితపు పెట్టె, ఎంత మందం కాగితమైనా సరే రెండు మూడేళ్ళు షెల్ఫ్‌లో లోపలికీ బయటికీ తోస్తే మూలలు నలుగుతాయి. మడత పెట్టెలన్నీ చెత్త అని కాదు, రెండు మూడు డిస్కుల సెట్‌కి అది చాలు, అరకిలో ఆర్ట్‌బుక్ కూడా అందులోనే కుక్కితేనే సమస్య. బరువంతా అడుగు మీద పడుతుంది, అడుగు జిగురుతో అంటించిన రెండు రెక్కలే, పైకెత్తినప్పుడు ఒకరోజు నోరు తెరుస్తుంది.

ముదురు రంగు బాక్సుల్లో మడతల దగ్గర చూడండి, ముఖ్యంగా నలుపు. సిరా పగిలి కింద తెల్ల కాగితం గీతలా కనపడుతుంటే అది కాగితం నారకి అడ్డంగా మడిచారు, లేదా పైన ప్లాస్టిక్ పొర వేయలేదు. ఇది రవాణాలో జరిగిన దెబ్బ కాదు, తయారీలోనే ఉన్న లోపం, మార్చి ఇంకోటి తెప్పించుకున్నా అదే వస్తుంది, కాబట్టి ఆ ఎడిషన్ ఫోటోలు నాలుగైదు చోట్ల చూసి అన్నిట్లోనూ ఉంటే ఇక మార్పిడి అడిగి ప్రయోజనం లేదు.

పైపూతల్లో వెల్వెట్ లాగా మెత్తగా తగిలే సాఫ్ట్ టచ్ అంటే అందరికీ మోజు, నాకూ ఉండేది. చేత్తో పట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది, కానీ ముదురు రంగు మీద అది వేస్తే ప్రతి వేలిముద్రా జిడ్డు మచ్చలా కూర్చుంటుంది, గోరు తగిలితే మెరిసే గీత పడుతుంది, తుడిస్తే ఆ గీత ఇంకా మెరుస్తుంది. మామూలు మ్యాట్ కొంచెం నయం. గ్లాసీ పూత, అంటే మెరిసేది, సన్న గీతల్ని లైటులో చూపిస్తుంది గానీ తడి లేని మెత్తటి గుడ్డతో తుడిస్తే శుభ్రంగా పోతుంది, నన్నడిగితే రోజూ తీసి పెట్టే బాక్సుకి గ్లాసీయే మంచిది, ఫ్యాషన్ కాకపోయినా. ఫాయిల్ ముద్ర ముందువైపు ఉంటే ఫర్లేదు, వెన్ను మీద ఉంటే పక్క బాక్సుతో రాసుకుని అక్షరాలు సగం సగం రాలిపోతాయి. ఉబ్బెత్తు బొమ్మలదీ అంతే, ఉబ్బిన చోటే ముందు రంగు అరుగుతుంది.

స్టీల్‌బుక్, అంటే రేకుతో చేసిన డిస్కు కేసు, దాని గురించి రెండు ముక్కలు. రేకు కాబట్టి గట్టిదనుకుంటారు, నిజానికి అట్ట పెట్టె మూల నలిగితే వేలితో నొక్కి కొంచెం సర్దొచ్చు, రేకుకి సొట్ట పడితే లోపలి నుంచి గుడ్డ చుట్టిన చెంచా వెనకభాగంతో ఒత్తినా నీడలా మిగిలే ఉంటుంది. దానికి ప్లాస్టిక్ తొడుగు మొదటి రోజే వేయాలి.

లోపలి బిగుతు

పెట్టెలోంచి లోపలి కేసు తీయడం కూడా ఒక పరీక్షే. కొన్ని ఎంత బిగుతుగా ఉంటాయంటే గాలి కూడా పోదు, కేసు సగం దాకా వచ్చి సూది మందు సిరంజిలా లోపలికి పీల్చుకుంటుంది. బొటనవేలు ఆనడానికి నోటి దగ్గర అర్ధచంద్రంలా కోత ఇచ్చారా చూడండి, లేదా లాగడానికి రిబ్బన్. రెండూ లేకపోతే గోళ్ళతో అంచు పట్టి లాగకండి, ఆ అంచే ముందు చిరిగేది. మెత్తటి గుడ్డ పరిచి దాని మీద బాక్సు నోరు కిందికి చేసి పట్టుకోండి, పెట్టె పక్క గోడల్ని లోపలికి కాకుండా కొంచెం బయటికి పొంగేలా అరచేతులతో వదులుగా పట్టి, నెమ్మదిగా కుదిపితే దాని బరువుకి అదే దిగుతుంది. తొందర పడ్డారో దబ్బున పడుతుంది, అందుకే గుడ్డ.

బిగుతుకి కారణం చాలాసార్లు పెట్టె కాదు, తర్వాత కుక్కిన సరంజామా. పోస్ట్‌కార్డులు, స్టిక్కర్లు, మడత పోస్టరు, పల్చటి బుక్‌లెట్, ఇవన్నీ కేసు పక్కన దూర్చి ఉంటారు. వాటిని తీసి ఒక ఫోల్డర్లో వేరుగా పెడితే కేసు సులువుగా కదులుతుంది.

వదులుగా ఉన్న బాక్సుల కథ వేరే. 2000ల్లో అమెరికాలో అనిమే డీవీడీలు విడివిడి వాల్యూములుగా వచ్చేటప్పుడు మొదటి వాల్యూముతో పాటు ఖాళీ ఆర్ట్ బాక్సు ఇచ్చేవాళ్ళు, మిగతావి వచ్చినకొద్దీ మనమే నింపుకోవాలి, మధ్యలో ఆపేస్తే ఆ బాక్సు నోరు తెరిచి అలాగే ఉండిపోయేది. ఇప్పుడు కూడా సీజన్ని రెండు భాగాలుగా విడుదల చేసి మొదటి భాగంతోనే బాక్సు ఇచ్చే అలవాటు ఉంది, రెండో భాగం వచ్చేదాకా ఖాళీలో ఒక అట్ట దిమ్మ పెడతారు. ఆ దిమ్మ పారేయకండి, అది లేకపోతే గోడలు లోపలికి కుంగుతాయి. దిమ్మ ఇవ్వకపోతే సరిపడా మందంలో ఖాళీ కేసులు పెట్టుకోండి, కాకపోతే కొలత చూసుకోండి, డీవీడీ కేసు ఎత్తు దాదాపు 190 మిల్లీమీటర్లు, బ్లూరే కేసు 171 చిల్లర, దాదాపు 2 సెంటీమీటర్లు తేడా, ఒకదాని పెట్టెలో ఇంకోటి పెడితే పైన ఖాళీ ఉంటుంది లేదా అసలు పట్టదు.

కొనేముందు ఎలా పసిగట్టాలి

ప్రకటనలో కనపడే బొమ్మ కంప్యూటర్లో గీసింది, దాన్ని నమ్మొద్దు, కింద చిన్న అక్షరాల్లో అసలు వస్తువు వేరుగా ఉండొచ్చని వాళ్ళే రాసుకుంటారు. అన్‌బాక్సింగ్ వీడియో వెతకండి, దొరికితే సౌండ్ కట్టేసి చేతులు మాత్రం చూడండి. మాటలు వింటే అందరూ అబ్బో అద్భుతం అంటారు, చేతులు మాత్రం అబద్ధం చెప్పవు. కేసు బయటికి తీసేటప్పుడు ఎన్నిసార్లు పట్టు మార్చారు, డిస్కు తీసే చోట వీడియో కట్ చేశారా, ట్రే వంగిందా, ఇవి. డిస్కు తీసి చూపించని వీడియో నాకు పనికిరాదు.

డిస్కుల సంఖ్య కూడా ఒక ఆనవాలే. బ్లూరే ఒక పొర అయితే 25 జీబీ, రెండు పొరలైతే 50 జీబీ, కాబట్టి 12, 13 ఎపిసోడ్ల సిరీస్‌ రెండు డిస్కుల్లో మామూలుగా సర్దుకుంటుంది. అదే సిరీస్ ఆరేడు డిస్కులుగా వస్తే ప్యాకేజింగ్‌కి పని ఎక్కువ, ట్రేలు ఎక్కువ, జిగురు ఎక్కువ, తప్పు జరిగే చోట్లూ ఎక్కువ. పాత సిరీస్‌ల దగ్గరికొస్తే దీనికి తిరగేసి ఉంటుంది, అమెరికాలో పాత అనిమే డిస్కులు తెచ్చే డిస్కోటెక్ లాంటి కంపెనీల వాళ్ళు పాత వీడియో క్వాలిటీ ఎపిసోడ్లు బోలెడన్ని ఒకే బ్లూరేలో పెట్టేసి మామూలు కేసులో ఇస్తారు, హంగు లేదు గానీ పదేళ్ళకీ అది అలాగే ఉంటుంది.

జపాన్ విడుదలలు చేతిలో పట్టుకుంటే వేరే లోకం. అక్కడ చాలా సిరీస్‌లు వాల్యూముకి రెండు మూడు ఎపిసోడ్ల చొప్పున వస్తాయి, మొదటి ముద్రణకి మాత్రమే షోకాయ్ గెంటెయ్ అని ప్రత్యేక పెట్టె, కొత్తగా గీసిన బొమ్మ, బుక్‌లెట్, వెన్ను చుట్టూ ఓబీ అనే కాగితం పట్టీ. పెట్టె సాన్‌పో-సే అంటే ఒక వైపు మాత్రమే తెరిచి మిగతా అంతా మూసి ఉండే తొడుగు. పైన కవర్ కూడా వేడికి ముడుచుకునే ష్రింక్ కాకుండా చాలాసార్లు కేరమెల్ చుట్టు, అంటే రెండు చివర్లూ కాగితంలా మడిచి అంటించింది, అది అట్టని పిండదు.  అన్ని వాల్యూములూ కొన్నవాళ్ళకి అన్నీ పట్టే పెద్ద ఖాళీ పెట్టె బోనస్‌గా ఇచ్చే షాపులున్నాయి, ఆ పెట్టె మాత్రం విడిగా దొరకడం కష్టం. ఒక్క విషయం, పెట్టె మోజులో రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే కోడ్, మర్చిపోవద్దు, జపాన్, అమెరికా బ్లూరేలు రీజియన్ ఏ, యూరప్, ఆస్ట్రేలియా బీ, ప్లేయర్ ఏది ఆడుతుందో చూసుకోండి. జపాన్ వాటిలో ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చాలావరకు ఉండవు కూడా.

పెద్ద సైజు బాక్సుల దగ్గర షెల్ఫ్ కొలవండి ముందు. ఎన్‌ఐఎస్ అమెరికా అనే కంపెనీ ప్రీమియం ఎడిషన్లు గట్టి అట్ట ఆర్ట్‌బుక్‌తో మామూలు కేసుల కన్నా చాలా పెద్ద పెట్టెల్లో వచ్చేవి, అలాంటివి నిలబెట్టడానికి చోటు లేక పడుకోబెడితే వాటి మీద ఇంకో నాలుగు చేరతాయి, అడుగున ఉన్నది వంగుతుంది.

సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాళ్ళని మూడు ఫోటోలు అడగండి: నోరు తెరిచిన వైపు అంచు, డిస్కులు లేని ఖాళీ ట్రేలు, డిస్కు చదివే వైపు లోపలి వలయం. ఆ వలయంలో ఐఎఫ్‌పీఐ (IFPI) అనే అక్షరాలూ ఒక కోడూ సన్నగా చెక్కి ఉంటాయి ఫ్యాక్టరీలో ముద్రించిన డిస్కు మీద, అవి ఏ మాత్రం లేకపోతే దొంగ ముద్రణేమోనని అనుమానించండి. బాక్సు మీద బొమ్మ చుక్కలు చుక్కలుగా అలలు తేలినట్టు ఉంటే అది వేరే ముద్రణని స్కాన్ చేసి తీసింది. పాతిక ఎపిసోడ్లు రెండే డీవీడీల్లో, అన్ని రీజియన్లలో ఆడుతుందని రాసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

వచ్చిన రోజు

పార్సిల్ తెరిచే ముందు ఫోను ఎక్కడో ఆనించి వీడియో పెట్టేయండి, ఒకే షాట్లో, అడ్రస్ స్టిక్కరు నుంచి డిస్కు దాకా. సొట్ట కనపడ్డాక తీసిన ఫోటోని ఎవరూ నమ్మరు. బ్లేడుని లోతుగా దించొద్దు, టేపు మందం మేరకే. ఒకసారి నాకొచ్చిన పార్సిల్లో బాక్సుకీ బయటి డబ్బాకీ మధ్య ఒక్క గాలిబుడగ కవర్ కూడా లేదు, బాక్సు డబ్బా గోడకి నేరుగా ఆని ఉంది, నేను టేపు కోస్తుంటే బాక్సు వెన్ను కూడా కోసేశా. తప్పు ఎవరిదని ఎవరితో వాదిస్తాం.

ష్రింక్ కవర్ ఉంచేసుకుంటే విలువ ఉంటుందని కొందరు తీయరు. ఉంచొచ్చు, కానీ ఆ ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి బిగుతుగానే లాగి పట్టుకుని ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా ముడుచుకుంటుంది, పలచని పెట్టెల అంచులు లోపలికి వంగిపోవడం నేను కళ్ళారా చూశా. నేనైతే తీసేస్తా. కోయడం నోరు ఉన్న వైపు నుంచి మొదలుపెట్టాలి, వెన్ను వైపు ఎప్పుడూ కాదు, గోరుతో ఒక చోట పొడిచి చీల్చితే చాలు బ్లేడే అక్కర్లేదు.

వెనక వివరాలు రాసిన కాగితం ఒకటి చిన్న చిన్న జిగురు చుక్కలతో అంటించి ఉంటుంది, దాన్ని పీకడమే చాలామంది బాక్సుల్ని పాడుచేసేది. చల్లగా ఉన్నప్పుడు లాగితే పైపూత కూడా దానితోపాటు లేస్తుంది. హెయిర్ డ్రయ్యరు తక్కువ వేడి మీద పెట్టి ఒక జానెడు దూరం నుంచి అరనిమిషం, ఆ తర్వాత కాగితాన్ని పైకి కాకుండా వెనక్కి మడిచినట్టుగా మెల్లగా లాగండి, మిగిలిన జిగురు చుక్కని వేలితో ఉండ చుట్టి తీసేయండి. సాఫ్ట్ టచ్ మీద మాత్రం ఆ చుక్క దగ్గర కొంచెం మెరుపు మచ్చ మిగలొచ్చు, నా దగ్గర రెండు బాక్సులకి ఉంది, వెనకవైపే కదా అని వదిలేశా. ఓబీ పట్టీ ఉంటే మడత దగ్గర చిరగకముందే తీసి చదునుగా దాచండి.

తర్వాత డిస్కులన్నీ, అన్నీ అంటే చివరిది కూడా, తీసి లైటు కింద వాలుగా పట్టి రంధ్రం చుట్టూ పగుళ్ళు, జిగురు మరకలు, గీతలు చూసి ప్లేయర్లో ఓసారి వేయండి. మనం మొదటి డిస్కు చూసుకుని అంతా బాగుందనుకుంటాం, నాలుగు నెలల తర్వాత నాలుగో డిస్కు దాకా వస్తే అక్కడ మూడో డిస్కే ఇంకోటి ఉంటుంది. మార్చే గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోతుంది. డిస్కు మీద దుమ్ముంటే మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు, గుండ్రటి గీత డేటా దారి వెంబడే పోతుంది కాబట్టి ఎక్కువ చోటు పాడవుతుంది.

పెట్టడం, దాచడం

నిలువుగా పెట్టండి, పక్కవాటితో ఒరిగిపోకుండా, అలాగని కుక్కకుండా, ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. ఆర్ట్‌బుక్ బరువైతే బాక్సులోంచి తీసి పక్కన పెట్టుకోవడమే మేలు, లేకపోతే అది ఒక వైపు వాలి డిజిప్యాక్ మడతల్ని నలుపుతుంది. కిటికీ ఎదురుగా వద్దు, ఎండ పడే వెన్ను మీద ఎరుపూ పసుపూ ముందు వెలిసిపోయి నీలం మాత్రం మిగులుతుంది, హీరో జుట్టు ఎర్రదైతే ఏడాదికి వాడు వేరే సిరీస్‌ వాడిలా అయిపోతాడు.

ప్లాస్టిక్ తొడుగులు కొంటే పీవీసీ వద్దు, దాన్ని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా బయటికొచ్చి సిరాకి అంటుకుంటుంది, తీసేటప్పుడు బొమ్మ దానితో లేస్తుంది. పాలీప్రొపిలీన్ గానీ పెట్ (PET) ప్లాస్టిక్ గానీ తీసుకోండి, తొడుగు బాక్సు కన్నా కాస్త పెద్దదిగా ఉండాలి, బిగుతు తొడుగు వేస్తూ తీస్తూ మూలలు మనమే చెడగొడతాం. గది 20 డిగ్రీల దగ్గర, తేమ 40, 50 శాతం మధ్య ఉంటే కాగితానికీ డిస్కుకీ హాయి, అంత కుదరకపోతే కనీసం బయటి గోడకి ఆనించకుండా పెట్టండి, చెమ్మ అక్కడి నుంచే వస్తుంది. మూత పైకి వంగి విల్లులా లేచిందంటే ఒక వైపు కాగితం తేమకి సాగిందన్నమాట. మరీ పాతది కాకపోతే పొడి గదిలో రెండు చదునైన పుస్తకాల మధ్య ఓ వారం ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది, ఇస్త్రీ పెట్టె మాత్రం ఎత్తకండి, పైపూత మీద బుడగలొస్తాయి, నేను పెట్టి చూశా.

మొదట్లో చెప్పిన ఆ పగిలిన ఐదో డిస్కుని వాళ్ళు మార్చిచ్చారు గానీ ట్రే ఇవ్వలేదు. ఇప్పుడు ఆ 8 డిస్కులూ రెండు మామూలు కేసుల్లో నాలుగేసి ఉన్నాయి, వెన్ను మీద పెన్నుతో ఎపిసోడ్ నంబర్లు రాసి. సిరీస్ ఈమధ్యే రెండోసారి చూశా, బాక్సు షెల్ఫ్ దిగలేదు.